సీసాలో దూది

తెల్ల ప్లాస్టిక్ సీసా, లోపల ముప్పై మాత్రలు. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ నుంచి ఇంటికొచ్చే దారిలోనే కొందరు దాని మీది కాగితం గీకేస్తారు. బస్సులో మాత్రలు గలగలలాడితే పక్కవాళ్లు ఏమిటని అడుగుతారేమోనని ఇంత దూది కుక్కుతారు. ఇంకొందరు సీసాను పారేసి మాత్రల్ని చిన్న కవర్లోకి వంపుకుంటారు. అత్తగారింటికో పెళ్లికో వెళ్తే కవరు బయటికి తీయడానికే జంకుతారు. ఆ పూట మాత్ర తప్పుతుంది. హెచ్‌ఐవీ చికిత్సలో ఇవాళ మిగిలిన పెద్ద చిక్కు మందుది కాదు, ఈ దాపరికానిది.

ఆ ఒక్క మాత్రలో మూడు మందులున్నాయి: టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, లామివుడిన్ 300, డొలుటెగ్రావిర్ 50. సెంటర్లలో దీన్ని టీఎల్‌డీ అంటారు. హెచ్‌ఐవీ తన సమాచారాన్ని ఆర్‌ఎన్‌ఏ రూపంలో మోసుకొస్తుంది. మన రోగనిరోధక వ్యవస్థలోని సీడీ4 కణంలోకి చొరబడ్డాక దాన్ని డీఎన్‌ఏగా తిరగరాసుకుంటుంది. ఆ రాతను మొదటి రెండు మందులు మధ్యలోనే తెంపేస్తాయి. వాటిని తప్పించుకున్నది మన డీఎన్‌ఏకి అతుక్కోకుండా మూడోది అడ్డుపడుతుంది. ఒక్క మందే ఇస్తే వైరస్ త్వరలోనే దానికి లొంగని రూపు దాలుస్తుంది. 1987లో వచ్చిన ఏజెడ్‌టీ ఒంటరిగా నిలవలేకపోయింది అందుకే. 1996 నుంచి మూడేసి మందులు కలిపి ఇవ్వడం మొదలయ్యాకే మరణాలు బాగా తగ్గాయి. మన దేశంలో 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టింది. ఆ తొలి విడతలోనే ఆంధ్రప్రదేశ్ ఉంది.

"వైరల్ లోడ్ కనిపించడం లేదన్నారు, ఒళ్లు కుదుటపడింది, ఇంకా ఎన్నాళ్లు మింగాలి?" అని అందరూ అడుగుతారు. వైరల్ లోడ్ అంటే రక్తంలోని వైరస్ లెక్క. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు నిద్రపోయే కణాల్లో ఉంది. ఒకసారి ఎదురైన రోగాన్ని ఏళ్ల తర్వాత కూడా గుర్తుపట్టడానికి శరీరం జ్ఞాపక కణాల్ని దాచుకుంటుంది. హెచ్‌ఐవీ సోకిన వాటిలో కొన్ని, వైరస్ ప్రతిని తమ డీఎన్‌ఏలో మోస్తూనే నిద్రలోకి జారుకుంటాయి. నిద్రలో ఉన్న కణం వైరస్‌ను తయారుచేయదు కాబట్టి మందుకు అక్కడ పనిలేదు. రోగనిరోధక శక్తికీ అది కనబడదు. ఈ నిల్వ సగానికి తగ్గడానికి సుమారు 44 నెలలు పడుతుందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆ వేగాన పూర్తిగా ఖాళీ కావడానికి 70 ఏళ్లకు పైనే పడుతుంది. మందు ఆపితే ఎప్పుడో ఒక కణం మేల్కొంటుంది. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో వైరస్ మళ్లీ రక్తంలో తేలుతుంది. పసరు మందుతో పూర్తిగా నయం చేస్తామనేవాళ్లు ఈ కణాల మాట ఎత్తరు. వాళ్ల మాట నమ్మి మాత్ర మానేసినవాళ్లు ఆస్పత్రికి తిరిగొచ్చేది క్షయతోనో, న్యుమోనియాతోనో.

మాత్ర తప్పకుండా వేసుకుంటే ఏం జరుగుతుందో మాత్రం మన ఊళ్లలో చాలామందికి ఇంకా చేరలేదు. దంపతుల్లో ఒకరికే వైరస్ ఉన్న జంటలపై జరిగిన పెద్ద అధ్యయనం 2011లో, త్వరగా మందు మొదలుపెడితే రెండోవారికి సోకడం 96 శాతం తగ్గుతుందని చూపింది. ఆ తర్వాత ఐరోపాలో పార్ట్‌నర్ పేరుతో రెండు విడతల పరిశీలన సాగింది. వైరల్ లోడ్ మిల్లీలీటరుకు 200 లోపు ఉన్నవాళ్ల నుంచి, కండోమ్ వాడకపోయినా, భాగస్వామికి వైరస్ చేరిన సంఘటన ఒక్కటీ కనబడలేదు. ఒక్కటి కూడా లేదు! కాపురం, పిల్లలు అన్నీ సాధ్యమే. తల్లికి చికిత్స లేకపోతే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు సోకే జబ్బు ఇది. తల్లి మందు వాడుతూ, బిడ్డకు కూడా మందు పోస్తే అది 5 లోపుకి దిగుతుంది. ఇంత జరిగాక కూడా పాజిటివ్ అనగానే పళ్లెం, గ్లాసు వేరుచేసే ఇళ్లున్నాయంటే మనసు కలుక్కుమంటుంది.

ఏ వైద్యుడి దగ్గరికి వెళ్లినా ఈ మందు వాడుతున్నట్టు చెప్పితీరాలి. గ్యాస్‌కని తాగే తెల్ల మందులోని అల్యూమినియం, మెగ్నీషియం డొలుటెగ్రావిర్‌ను పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వవు. మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాతే అది తాగాలి. ముందే తాగితే మాత్రకు ఆరు గంటలు ఆగాలి. గర్భిణులు ఐరన్, కాల్షియం బిళ్లల్ని ఈ మాత్రతో కలిపి వేసుకోవాలంటే అన్నంతోపాటే వేసుకోవాలి. క్షయకిచ్చే రిఫాంపిసిన్ అయితే డొలుటెగ్రావిర్‌ను కాలేయంలో తొందరగా కరిగించేస్తుంది. అందుకే ఆ చికిత్స సాగినన్నాళ్లూ 12 గంటల తర్వాత మరో 50 మిల్లీగ్రాములు అదనంగా ఇస్తారు. దాచితే ఈ సర్దుబాట్లేవీ జరగవు.

వైరస్ లేనివాళ్లను కాపాడే మందులూ ఉన్నాయి. సూది గుచ్చుకున్న నర్సుకైనా, అత్యాచారానికి గురైన మహిళకైనా 72 గంటల్లోగా మందు మొదలవ్వాలి, 28 రోజులు సాగాలి. ముందే రక్షణ ఇచ్చే కొత్త మందు లెనకాపవిర్‌ను ఆరు నెలలకోసారి చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇస్తారు. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో దాన్ని తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదని 2024లో తేలింది. అదే అధ్యయనంలో రోజువారీ మాత్ర ఇచ్చిన ఒక బృందంలో 2,136 మందిలో 39 మందికి సోకింది. వాళ్లలో చాలామంది మాత్రల్ని క్రమంగా వేసుకోలేకపోయారు. ఈ ఇంజెక్షన్‌ను 2027 నుంచి పేద, మధ్యాదాయ దేశాలకు మనిషికి ఏడాదికి సుమారు 40 డాలర్లకే ఇస్తామని ఒప్పుకున్న రెండు కంపెనీలు, డాక్టర్ రెడ్డీస్, హెటెరో, రెండూ హైదరాబాద్‌వే.