నేలఉసిరి కాలేయ కణంలో ఏం చేస్తుంది?

తమిళనాడులోని ధర్మపురి వైపు పల్లెల్లో ఎవరికైనా కళ్లు పచ్చబడితే పెద్దవాళ్లు ముందు వెతికేది నేలఉసిరి కోసం. తమిళంలో దీని పేరు కీళానెల్లి, అంటే కింద కాసే ఉసిరి. రెమ్మను తిప్పి చూస్తే ఆవగింజలకన్నా కాస్త పెద్ద కాయలు అడుగున వరసగా కనిపిస్తాయి. మొక్కను నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున తాగిస్తారు. చాలామందికి కామెర్లు తగ్గుతాయి కూడా.

అయితే కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ మామూలుగా కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పసరు తాగినా తాగకపోయినా తగ్గేవే. మందు సత్తా తేలాల్సింది ఏళ్లతరబడి ఒంట్లో తిష్ఠవేసే హెపటైటిస్ బి దగ్గర.

1988లో మద్రాసు పరిశోధకుడు త్యాగరాజన్ బృందం సరిగ్గా ఆ పరీక్షే చేసింది. ఈ వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ కూడా అందులో ఉన్నారు. 37 మందికి 30 రోజులపాటు నేలఉసిరి పొడి ఇస్తే, 22 మంది రక్తంలో వైరస్ పైపొర ప్రొటీను కనబడకుండా పోయింది. మందులేని గుళికలు మింగిన 23 మందిలో అలా జరిగింది ఒక్కరికే.

ఎలా జరిగి ఉంటుంది? జన్యువు ఉండటం వేరు, అది పనిచేయడం వేరు. వంటల పుస్తకంలో పులిహోర రాసి ఉన్నంతమాత్రాన విస్తట్లోకి రాదు, ఎవరో ఒకరు చూసి వండాలి. హెపటైటిస్ బి తన డీఎన్‌ఏను చిన్న వలయంగా కాలేయ కణం కేంద్రకంలో దాస్తుంది. దాన్ని చదివి ఆర్‌ఎన్‌ఏ నకళ్లు తీసేది మన కణమే. వలయంలో ఒకచోట నకళ్ల జోరు పెంచే మీటలాంటి భాగం ఉంది. కాలేయంలోని కొన్ని ప్రొటీన్లు వచ్చి అక్కడ అతుక్కుంటేనే ఆ జోరు. 1997లో వెలువడిన పరిశోధనలో, ప్రయోగశాలలో పెంచిన కాలేయ కణాలపై నేలఉసిరి సారం ఆ అతుకునే అడ్డుకుంది. వైరస్ నకళ్లు తగ్గాయి.

చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. కానీ గాజుపళ్లెంలో కణం మనిషి కాదు. థాయ్‌లాండ్, న్యూజిలాండ్‌లలో రోగులపై చేసిన పరీక్షల్లో మద్రాసు ఫలితం మళ్లీ రాలేదు. పైగా నకళ్లు తగ్గినా వలయం చెరిగిపోదు. డాక్టర్లు ఇచ్చే టెనోఫోవిర్ కూడా వలయాన్ని తుడిచేయలేదు. అది వైరస్ కొత్త డీఎన్‌ఏను అల్లుకునే దశను ఆపుతుంది, అందుకే ఏళ్లతరబడి వాడాలి. తేడా ఏమిటంటే, టెనోఫోవిర్ మనుషుల్లో పదేపదే రుజువైంది.

ఇంట్లో ఎవరికైనా కామెర్లు వస్తే పసరు తాగించి ఊరుకోకండి, ఏ వైరసో రక్తపరీక్షతో తేల్చుకోండి. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద హెపటైటిస్ బి పరీక్ష, చికిత్స ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. బిడ్డ పుడితే మాత్రం మొదటి 24 గంటల్లోపే హెపటైటిస్ బి టీకా వేయించండి.