బుడగలు నిజమే

కిందటి వేసవిలో మా మేనమామ కొడుకు తన ట్యాక్సీకి నీళ్లతో మైలేజీ పెంచుతుందనే కిట్ ఒకటి బిగించుకున్నాడు. ఎనిమిది వేలు పోశాడు. బోనెట్ ఎత్తి చూపించాడు. బ్యాటరీ పక్కన లీటరు పట్టే డబ్బా, లోపల వరసగా నిలబెట్టిన స్టీలు ప్లేట్లు, నీళ్లలో కలిపిన కాస్టిక్ పొటాష్, డబ్బా మూతి నుంచి ఎయిర్ ఫిల్టర్ దాకా సన్నటి గొట్టం. ఇంజన్ స్టార్ట్ చేయగానే ప్లేట్ల సందుల్లోంచి తెల్లటి బుడగలు నురగలా పైకి తేలాయి.

"చూశావా బావా, నీళ్లు గ్యాసవుతున్నాయి. ఇందులో అబద్ధమేముంది?" అన్నాడు.

బుడగల్లో అబద్ధం లేదు. కరెంటు పారితే నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతుంది. హైడ్రోజన్ చక్కగా మండుతుంది కూడా. చిక్కంతా ఆ కరెంటు దగ్గరుంది. హైడ్రోజన్ కాలగా మిగిలిన బూడిదే నీరు. పొయ్యిలో బూడిదను ఎంత ఊదినా రాజుకోదు కదా! నీటిని మళ్లీ మండేలా చేయాలంటే, అది పుట్టినప్పుడు బయటికొచ్చిన శక్తినంతా తిరిగి పెట్టాలి. బండిలో ఆ శక్తినిచ్చేది ఆల్టర్నేటర్. ఆల్టర్నేటర్‌ను తిప్పేది ఇంజన్. ఇంజన్ తాగేది పెట్రోలే.

మావాడి డబ్బా లెక్కే వేసి చూద్దాం. అందులో ఆరు సెల్స్. 12 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లు తీసుకుంటుంది. ఒక్క బుడగ కూడా వృథా కాలేదనుకున్నా గంటకు విడిపోయే నీరు 40 గ్రాములు. దాన్నుంచి వచ్చే హైడ్రోజన్ నాలుగున్నర గ్రాములు. దాని వేడి సుమారు 17 మిల్లీలీటర్ల పెట్రోలుకు సమానం, అంటే మూడు నాలుగు టీ చెంచాలు. మరి ఆ కరెంటు పుట్టించడానికి ఎంత ఖర్చయింది? పెట్రోలు వేడిలో పావు వంతు ఇంజన్ పనిగా మారుస్తుందనీ, అందులో 60 శాతాన్ని ఆల్టర్నేటర్ కరెంటు చేస్తుందనీ అనుకుంటే, గంటకు దాదాపు 180 మిల్లీలీటర్లు. పది రూపాయలు పెట్టి రూపాయి తెచ్చుకునే బేరం ఇది.

అయినా "మైలేజీ పెరిగింది" అని చెప్పే డ్రైవర్లంతా అబద్ధాలాడుతున్నారని నేననను. డబ్బు పోసి కిట్ పెట్టించుకున్నవాడి కాలు యాక్సిలరేటర్ మీద మెత్తగా పడుతుంది. ఆ వారం అందరూ బ్రేకు తక్కువ తొక్కుతారు. అందుకే మేమిద్దరం ట్యాంకు నిండా కొట్టించి, అదే దారిలో, అదే వేగంతో, కిట్ వేసి ఒకసారి, తీసి ఒకసారి తిరిగి, మళ్లీ అదే బంకులో నింపించి లెక్క రాసుకున్నాం. చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ సాయంత్రం వాడి ముఖం చూడలేకపోయాను. ఆ ఎనిమిది వేలు వాడి పిల్లల ఫీజుకు దాచినవి.

నీళ్లతో బండి నడపాలన్న ఈ ఆశ కొత్తది కాదు. 1996లో తమిళనాడుకు చెందిన రామర్ పిళ్లై, మూలికలు వేసి కాచిన నీళ్లు పెట్రోలవుతాయని దేశమంతటినీ ఊపేశాడు. అమ్మింది పెట్రోలియం సరుకుల మిశ్రమమేనని సీబీఐ తేల్చింది. 2016లో చెన్నై కోర్టు మూడేళ్ల జైలుశిక్ష వేసింది. అమెరికాలో నీటితో నడుస్తుందంటూ బగ్గీ చూపించిన స్టాన్లీ మేయర్‌ను కూడా అదే 1996లో ఒహాయో కోర్టు మోసగాడని తేల్చి, పెట్టుబడిదారుల డబ్బు తిరిగి ఇమ్మంది. అతని 'సెల్'ను పరిశీలించిన నిపుణులకు అందులో కనిపించింది మామూలు విద్యుద్విశ్లేషణే.

ఇంతకీ ఇంజన్‌కు నీరు ఎందుకూ పనికిరాదా? పనికొస్తుంది, ఇంధనంగా కాదు. ఈ సంగతి మన మెకానిక్ షెడ్లలో ఎవరూ చెప్పుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. కిలో నీరు ఆవిరవడానికి సుమారు 2,257 కిలోజౌళ్ల వేడి లాక్కుంటుంది. కిలో పెట్రోలు లాక్కునేది అందులో ఆరోవంతు దాకానే. టర్బో ఇంజన్లలో గాలిని బలంగా కుక్కినప్పుడు అది వేడెక్కుతుంది. ప్లగ్ నిప్పురవ్వ అంటించిన మంట పూర్తిగా పాకకముందే ఓ మూల ఉన్న పెట్రోలు దానంతటదే పేలుతుంది. డ్రైవర్లు 'నాకింగ్' అనే టకటక శబ్దం అదే. దాన్ని ఆపడానికి అలాంటి ఇంజన్లు బరువు లాగేటప్పుడు చల్లదనం కోసమే అదనపు పెట్రోలు చిమ్ముతుంటాయి. ఆ పని నీటి తుంపర చేస్తే ఆ పెట్రోలు మిగులుతుంది.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా థండర్‌బోల్ట్ విమానాలు నీటిని ఇలాగే వాడాయి. 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారు నీళ్లు, మెథనాల్ కలిపిన ద్రవంతో వచ్చింది. ఆ ట్యాంకు నింపడం యజమానులు మరిచిపోయేవారు. 2016 నాటి బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్ డిక్కీలో ఐదు లీటర్ల నీళ్ల ట్యాంకుంది. దానికి నీటిని చిమ్మే పద్ధతిని అందించిన బాష్, ఇంధనం 13 శాతం దాకా ఆదా అవుతుందని చెప్పింది. ఆ ఆదా ఎక్కువగా ఇంజన్ గట్టిగా శ్రమించినప్పుడే. ఊళ్లో మెల్లగా తిరిగే చిన్న కారుకు దీంతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. పెట్రోలు ట్యాంకులో నీళ్లు పోయడం మాత్రం బండిని షెడ్డుకు పంపడమే.

నీళ్లతో నడిచేవి లేకపోయినా హైడ్రోజన్ కార్లున్నాయి. 2022 మార్చిలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ టొయోటా మిరాయ్‌లో పార్లమెంటుకు వెళ్లారు. అందులో పోసేది హైడ్రోజన్. నీళ్లు వచ్చేది వెనక గొట్టంలోంచి. విశాఖపట్నం దగ్గర పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అక్కడ నీటిని విడగొట్టబోయేది ఎండ, గాలి లాంటి వాటినుంచి వచ్చే కరెంటుతో.

మొన్న మావాడు వచ్చాడు. కిట్ విప్పేశాడు, బోనెట్ కింద బోల్టులు బిగించిన చోట రెండు రంధ్రాలు అలాగే ఉన్నాయి. పేపర్లో పూడిమడక వార్త చదివి, "అక్కడ కూడా ఇవే బుడగలా బావా?" అని అడిగాడు.

అవే బుడగలు. ఆ కరెంటు మాత్రం నీ ట్యాంకులోంచి వచ్చేది కాదురా అన్నాను.