సివిల్స్ ఇంటర్వ్యూకు ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

న్యూఢిల్లీలోని షాజహాన్ రోడ్డులో ఉన్న ధోల్‌పూర్ హౌస్ ఒకప్పుడు సంస్థానాధీశుల నివాసం. ఇప్పుడు అది యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కార్యాలయం. ఏటా సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌లో గట్టెక్కిన అభ్యర్థులు ఉదయం కొందరు, మధ్యాహ్నం కొందరు ఇక్కడికి వచ్చి తమ వంతు కోసం నిరీక్షిస్తారు. లోపల జరిగేది సుమారు అరగంట సంభాషణ; దాని వెనుక ఉన్నది ఏళ్ల తరబడి చదువు. ఇక్కడ తప్పితే మళ్లీ ప్రిలిమ్స్ నుంచే మొదలుపెట్టాలి. జనరల్ అభ్యర్థికి ఉన్న అవకాశాలు ఆరు మాత్రమే, వయసు 32 ఏళ్లు నిండకూడదు. గుండె దడదడలాడటంలో ఆశ్చర్యమేముంది?

తెలుగు అభ్యర్థుల విషయంలో ఈ బెరుకుకు మరో కారణమూ ఉంది. వారిలో చాలామందికి జీవితంలో ఇదే తొలి ఉద్యోగ ఇంటర్వ్యూ. కేంద్ర ప్రభుత్వం గ్రూప్-బి నాన్ గెజిటెడ్, గ్రూప్-సి ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలను తొలగించింది. తెలంగాణ 2022లో గ్రూప్-1, గ్రూప్-2లకు కూడా వాటిని ఎత్తివేసింది. రాత పరీక్షలు ఎన్నింటిలోనో నెగ్గినవారు సైతం ఐదుగురు పెద్దల ఎదుట కూర్చుని మాట్లాడవలసిన సందర్భాన్ని నేరుగా ఢిల్లీలోనే ఎదుర్కొంటున్నారు.

అసలు అక్కడ పరీక్షిస్తున్నదేమిటో తెలిస్తే సగం భయం పోతుంది. కమిషన్ దీనికి పెట్టిన పేరు వ్యక్తిత్వ పరీక్ష. అభ్యర్థి విషయ పరిజ్ఞానాన్ని రాత పరీక్ష ఇప్పటికే కొలిచింది కనుక దాన్ని మళ్లీ కొలవడం ఈ దశ ఉద్దేశం కాదని నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. కోర్టు బోనులో నిలబెట్టి ప్రశ్నించే తీరు కాకుండా, సహజంగా సాగుతూనే ఒక ప్రయోజనం వైపు నడిచే సంభాషణగా దాన్ని అభివర్ణించారు. మానసిక చురుకుదనం, విషయాన్ని స్పష్టంగా తర్కబద్ధంగా చెప్పగలగడం, తీర్పులో సమతూకం, నిజాయితీ వంటివి బోర్డు చూస్తుంది. ఈ నోటిఫికేషన్‌ను దరఖాస్తు తేదీ కోసం తప్ప పూర్తిగా చదివేవారు తక్కువే. కరెంట్ అఫైర్స్ పుస్తకాలు ఒకదాని తర్వాత ఒకటి తిరగేసే అభ్యర్థి, జరగబోని పరీక్షకు సిద్ధమవుతున్నట్టే.

దరఖాస్తే ప్రశ్నపత్రం

బోర్డు సభ్యుల ముందు అభ్యర్థి రాత పరీక్ష మార్కులు ఉండవు. ఉండేది అతడు స్వయంగా నింపిన సమగ్ర దరఖాస్తు. అభ్యర్థుల భాషలో ‘డాఫ్’. పేరు, స్వస్థలం, చదువు, చేసిన ఉద్యోగం, అభిరుచులు, కోరుకున్న సర్వీసుల వరుస అన్నీ అందులో ఉంటాయి. సంభాషణ తరచూ అక్కడి నుంచే మొదలవుతుంది. అంటే ప్రశ్నపత్రంలో పెద్ద భాగాన్ని అభ్యర్థే రాసి ఇచ్చాడు. సిద్ధపడటానికి ఇంతకంటే అనువైన చోటు లేదు.

పలాస నుంచి వచ్చిన అభ్యర్థి విషయమే చూద్దాం. ఊరి పేరు చూడగానే జీడిపప్పు గుర్తొస్తుంది. అక్కడి జీడి పరిశ్రమలో పనిచేసేవారి పరిస్థితి ఏమిటి? 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను తోటలను కూల్చేశాక, కొత్తగా నాటిన మొక్క కాపుకొచ్చేదాకా రైతు ఎలా బతకాలి? పక్కనే ఉన్న ఉద్దానంలో కిడ్నీ వ్యాధి అంతగా ఎందుకు ప్రబలింది, దాని మూలకారణంపై ఏకాభిప్రాయం ఎందుకు కుదరలేదు? భూదాన్ పోచంపల్లి అభ్యర్థికి ఇక్కత్ చీరలతో పాటు, 1951 ఏప్రిల్‌లో వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి చేసిన భూదానం కూడా ఎదురవుతుంది. ఆ తర్వాత దేశవ్యాప్తంగా దానమిచ్చిన భూమిలో సాగుకు పనికిరానిది ఎంత, పేదలకు నిజంగా చేరింది ఎంత అన్న ప్రశ్న కూడా రావచ్చు. సూరత్‌లోనో భివండీలోనో స్థిరపడిన చేనేత కుటుంబంలో పుట్టి, మాతృభాష గడిలో తెలుగు అని రాసినవారిని ఆ వలస కథ అడగకుండా వదిలిపెడతారనుకోవడం పొరపాటు.

కాబట్టి దరఖాస్తులోని ప్రతి పంక్తి పక్కన మూడు ప్రశ్నలు రాసుకోవడం మేలు: ఇది ఏమిటి, నేను ఎందుకు ఎంచుకున్నాను, ఇందులో ఉన్న చిక్కేమిటి. మొదటి ప్రశ్నకు జవాబు పుస్తకాల్లో దొరుకుతుంది. మూడోదానికి ఊళ్లోకి వెళ్లి నలుగురితో మాట్లాడాలి. అభిరుచుల గడిలో గంభీరంగా ఉంటుందని ‘పుస్తక పఠనం’ అని రాసి, ఈ మధ్య చదివిన పుస్తకమేదంటే తడబడేవారు ఏటా కనిపిస్తారు. దానికంటే పెరట్లో కూరగాయలు పెంచుతానని నిజం రాసుకున్నవారు హాయిగా మాట్లాడగలరు.

తెలిసినదాన్ని అభిప్రాయంగా మలచడం మరింత కష్టం. నెల్లూరు జిల్లా అభ్యర్థిని ‘మద్యనిషేధం విధించాలా?’ అని అడిగారనుకుందాం. ‘విధించాలి సార్, ఆరోగ్యానికి హానికరం’ అన్నది నినాదం. ‘లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి’ అన్నది తప్పించుకోవడం. ఆ జిల్లాలోని దూబగుంటలో మహిళలు 1990ల ఆరంభంలో సారా దుకాణాలపై తిరగబడ్డారనీ, ఆ ఉద్యమ ఫలితంగా 1993లో సారాపై, 1995లో మొత్తం మద్యంపై నిషేధం వచ్చిందనీ, 1997లో ప్రభుత్వమే దాన్ని సడలించిందనీ తెలిసినవారికి మాట్లాడటానికి గట్టి నేల దొరుకుతుంది. ఆ మహిళలు కోరింది ఇంటి ఖర్చుకు డబ్బు మిగలడం, దెబ్బలు ఆగడం. నిషేధం వచ్చాక ఎదురైనవి దొంగ రవాణా, ఖజానాకు నష్టం. ఈ రెండింటినీ చెప్పి, ‘కలెక్టర్‌గా ఉంటే నేను మొదట బెల్టు దుకాణాలను మూయిస్తాను, ఎందుకంటే...’ అంటూ ఒక వైపు నిలబడితే అది జవాబు.

వెంటనే ఎదురు ప్రశ్న రావచ్చు. అది జవాబు తప్పన్న సూచన కాదు. సభ్యుడు కొత్త వాస్తవం చెబితే అంగీకరించి జవాబును సవరించుకోవచ్చు. కేవలం గొంతు పెంచితే మర్యాదగా తన మాట మీదే ఉండవచ్చు. ఈ రెంటి మధ్య తేడా గుర్తించడమే బోర్డు చూసే సమతూకం.

తెలియకపోతే తెలియదనడమే సురక్షితం. ‘క్షమించండి సార్, ఈ విషయం నాకు తెలియదు’ అన్న ఒక్క వాక్యం వల్ల పోయేది ఆ ఒక్క ప్రశ్నే. ఊహించి చెప్పిన జవాబు పట్టుబడితే అంతకు ముందు చెప్పిన నిజాల మీద కూడా నీడ పడుతుంది. ఎదుట కూర్చున్నవారు దశాబ్దాల పాటు ఫైళ్లలో, తరగతి గదుల్లో ఇలాంటి మాటలు వింటూ వచ్చినవారు.

తెలుగులోనా, ఇంగ్లిష్‌లోనా?

మెయిన్స్‌ను తెలుగులో రాసినవారు ఇంటర్వ్యూకు తెలుగును గానీ ఇంగ్లిష్‌ను గానీ హిందీని గానీ ఎంచుకోవచ్చు. ఆ ఎంపికను దరఖాస్తులోనే తెలపాలి కనుక చివరి నిమిషపు నిర్ణయానికి తావులేదు. తెలుగును ఎంచుకుంటే కమిషన్ అనువాదకుడిని ఏర్పాటు చేస్తుంది. దీనివల్ల మార్కులు తగ్గుతాయన్న భయం కోచింగ్ కేంద్రాల చుట్టూ ఏళ్లుగా తిరుగుతోంది. శ్రీకాకుళం జిల్లాలోని గ్రామం నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు రోణంకి గోపాలకృష్ణ తెలుగులోనే మెయిన్స్ రాసి, తెలుగులోనే ఇంటర్వ్యూకు హాజరై, 2016 సివిల్స్‌లో దేశంలో మూడో ర్యాంకు సాధించారు.

అయితే తెలుగు దారికీ దాని కష్టాలు దానికున్నాయి. చెప్పినది మరొకరి నోట మళ్లీ వినిపించేసరికి సమయం కరిగిపోతుంది. పొడవైన వాక్యం అనువాదంలో చిక్కుబడుతుంది. సామెతలు, చమత్కారాలు సగం దారిలోనే వాడిపోతాయి. అందుకే వాక్యం చిన్నదిగా ఉండాలి, ముఖ్యమైన మాట ముందే రావాలి. ‘ద్రవ్యలోటు’ అని ఆగిపోకుండా ‘ఫిస్కల్ డెఫిసిట్’ అని కూడా అనేస్తే అనువాదకుడికీ సులువు, బోర్డుకూ సులువు. ఇంగ్లిష్‌లో అడిగిన ప్రశ్న అర్థమయ్యే అభ్యర్థికి ఒక లాభమూ ఉంది: అనువాదం సాగుతుండగా ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. ఏ భాషలో ఇంట్లోవారితో వాదించగలరో ఆ భాషను ఎంచుకోవడం సరైన పద్ధతి.

మాక్ ఇంటర్వ్యూలు రెండో మూడో మంచివే. తాను ఎంత వేగంగా మాట్లాడుతున్నాడో, ఎన్నిసార్లు ‘అంటే...’ అంటున్నాడో అభ్యర్థికి తెలిసేది వాటి వల్లే. పది పన్నెండు దాటితే జవాబులు కంఠస్థమై పాఠం అప్పజెప్పినట్టు వినిపిస్తాయి. ఫోన్‌లో తన మాట రికార్డు చేసుకుని వినడం పైసా ఖర్చులేని పని, కాస్త ఇబ్బందిగా ఉన్నా. దుస్తుల గురించి చెప్పవలసింది తక్కువ: శుభ్రంగా, అలవాటైనవిగా ఉంటే చాలు. ఆ రోజే తొలిసారి టై కట్టుకునేవారి చెయ్యి అరగంటా దాని మీదికే పోతుంటుంది.

ఇంతకీ ఈ అరగంటపై నమ్మకం ఉంచవచ్చా? ఈ సందేహం న్యాయస్థానాలకూ వచ్చింది. శ్రీనగర్‌లోని ఒక ఇంజినీరింగ్ కళాశాల ప్రవేశాల్లో రెండు మూడు నిమిషాల ఇంటర్వ్యూకు మూడో వంతు మార్కులు కేటాయించడాన్ని అజయ్ హాసియా కేసులో సుప్రీంకోర్టు 1980లో తప్పుపట్టింది. 1985లో అశోక్ కుమార్ యాదవ్ కేసులో, అప్పట్లో యూపీఎస్సీ పాటిస్తున్న 12.2 శాతాన్ని రాష్ట్ర కమిషన్లకు ప్రమాణంగా చూపింది. నేడు సివిల్స్‌లో మొత్తం 2025 మార్కులకు గాను ఇంటర్వ్యూకు 275, అంటే 13.6 శాతం. 1750 మార్కుల రాత పరీక్షే ఇప్పటికీ పెద్ద పాలు. కానీ ఒకటి రెండు మార్కులతో సర్వీసులు చేజారే పోటీలో ఈ 275 చిన్నవి కావు.

ఖాళీల కంటే సుమారు రెట్టింపు మందిని పిలుస్తారు కనుక, బాగా మాట్లాడి కూడా జాబితాలో పేరు లేనివారు ప్రతి ఏడాదీ ఉంటారు. వారి వివరాలను, వారి సమ్మతితో, ఇతర సంస్థల దృష్టికి తెచ్చేందుకు కమిషన్ ‘ప్రతిభా సేతు’ పోర్టల్‌ను నడుపుతోంది. ఆ సమ్మతిని ముందే ఇచ్చి ఉంచితే, మళ్లీ ప్రిలిమ్స్‌కు చదువుతున్న రోజుల్లోనే మరో సంస్థ నుంచి పిలుపు రావచ్చు.