యంత్రం తీశాక కూడా ముప్పే!

వరికోతల రోజుల్లో మా క్యాజువాలిటీకి పాముకాట్లతో పాటు ఇంకో రకం కేసులూ వస్తుంటాయి. చైన్ హార్వెస్టర్‌ను లారీ నుంచి దించుతుంటే ర్యాంపు జారుతుంది. పక్కన నిలబడి ‘రానీ, రానీ’ అంటున్న మనిషి కాలు దాని కింద పడుతుంది.

అలా ఒకతను రెండు గంటలు ఇరుక్కున్నాడు. జేసీబీతో తీశారు. ఎముక విరగలేదు, మామూలుగానే మాట్లాడుతున్నాడని ఇంటికి తీసుకెళ్లారు. మర్నాడు మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది. మా దగ్గరికొచ్చేసరికి కిడ్నీలు దెబ్బతిన్నాయి, డయాలసిస్ తప్పలేదు.

బరువు తీయగానే నలిగిన కండరంలోని మయోగ్లోబిన్, పొటాషియం రక్తంలో కలుస్తాయి. మొదటిది కిడ్నీలకు, రెండోది గుండెకు ప్రమాదం. కొద్ది నిమిషాలే అయితే వెంటనే తీసేయొచ్చు. ఛాతీ మీద బరువుంటే అసలు ఆగకూడదు. కాలో చెయ్యో గంటకు పైగా ఇరుక్కుంటే మాత్రం, ఎత్తకముందే సెలైన్ మొదలుపెట్టడం మేలు. అందుకే ముందు 108కి ఫోన్ చేయండి, తర్వాతే జేసీబీకి. ఎన్నింటికి ఇరుక్కున్నారో, ఎన్నింటికి తీశారో డాక్టర్‌కు తప్పక చెప్పండి.

ర్యాంపు ఎక్కించేముందు చైన్‌కు అంటిన బురద కడిగించండి. సైగ చేసేవారు పక్కన కాకుండా, దూరంగా డ్రైవర్‌కు కనిపించేచోట ఉండాలి. చూడ్డానికి చేరిన పిల్లల్ని గట్టు దాటించండి.