తెలుగు పరిశోధన వ్యాసాలు - అంతర్జాల శోధనలో అక్షర సంకేతాల పాత్ర

పరిశోధకుడు అంశాన్ని ఖరారు చేసుకునే ముందు పూర్వపరిశోధనల సమీక్ష చేయడం ఆనవాయితీ. ఒకప్పుడు ఇందుకు విశ్వవిద్యాలయ గ్రంథాలయాల సూచికలే ఆధారం. నేడు తొలి అడుగు గూగుల్ శోధనతోనే పడుతోంది. అక్కడ కనిపించని వ్యాసం అసలు వెలువడనట్టే లెక్కకు వస్తోంది; అదే అంశంపై మరొక పరిశోధన మొదలవుతోంది. నిజానికి ఆ వ్యాసం ఏదో ఒక పత్రిక వెబ్‌సైట్‌లో భద్రంగానే ఉండవచ్చు, తెరమీద చక్కగా చదవడానికి వీలుగానూ ఉండవచ్చు. కంటికి కనిపించే తెలుగు యంత్రానికి తెలుగుగా అందకపోవడమే చిక్కు.

కంప్యూటర్ అక్షరాన్ని ఆకృతిగా గాక సంఖ్యగా భద్రపరుస్తుంది. యూనికోడ్ ప్రమాణం తెలుగు లిపికి 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించింది. అందులో ‘క’ సంఖ్య 3093. ‘శ్రీ’ చూపుకు ఒకే అక్షరమైనా యంత్రానికి నాలుగు సంకేతాలు: శకారం, పొల్లు, రేఫ, గుడిదీర్ఘం. వాటిని కలిపి క్రావడిని ఎక్కడ అమర్చాలో నిర్ణయించేది ఫాంటు. సంకేతం వేరు, రూపం వేరు అన్న ఈ విభజనే యూనికోడ్‌కు మూలం.

అను వంటి ముద్రణ సాఫ్ట్‌వేర్ల పాత ఫాంట్లలో ఈ విభజన లేదు. ఆంగ్లాక్షరాలకు, గుర్తులకు చెందిన సంఖ్యల స్థానాల్లోనే తలకట్టు, కొమ్ము, ఒత్తు మొదలైన వాటిని బొమ్మలుగా కూర్చారు. పాఠకుడు ‘నన్నయ’ అని చదివే చోట యంత్రానికి అర్థంలేని ఆంగ్లాక్షరాల వరుస మాత్రమే ఉంటుంది. పైగా ఫాంటు మారితే అమరికా మారుతుంది. తెలుగు ముద్రణకు ఈ ఫాంట్లు చేసిన మేలు చిన్నది కాదు. కాగితం మీద అక్షరం అందంగా పడితే చాలునన్న కాలానికి అవి సరిపోయాయి. తొలినాళ్లలో తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు సైతం సొంత ఫాంట్లతోనే నడిచాయి. ఆ పుటలను యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్ విహారిణికి ‘పద్మ’ అనే ఉపకరణం రూపొందింది. దినపత్రికలు క్రమంగా యూనికోడ్‌కు మారాయి. పరిశోధన పత్రికల్లో మాత్రం పాత ఫాంటులో కూర్చిన పీడీఎఫ్‌ను యథాతథంగా వెబ్‌సైట్‌లో ఉంచే అలవాటు పూర్తిగా పోలేదు.

యూనికోడ్‌లో కూర్చిన పీడీఎఫ్ కూడా అన్నిసార్లూ నమ్మదగినది కాదు. పీడీఎఫ్ ప్రధానంగా పుట రూపాన్ని కాపాడే పద్ధతి. అందులోని ఆకృతుల నుండి సంకేతాలను వెనక్కి రాబట్టేటప్పుడు సంయుక్తాక్షరాలు చెదిరిపోవడం, ఒత్తుల క్రమం తారుమారు కావడం జరుగుతుంది. ఒక పేరాను నకలు తీసి వేరే చోట అతికించి చూస్తే పరిస్థితి వెంటనే తెలుస్తుంది. వెబ్‌సైట్ నిర్వాహకులకు ఇంతకంటే సులభమైన పరీక్ష లేదు. అందుకే పీడీఎఫ్‌తో పాటు వ్యాసపాఠాన్ని హెచ్‌టీఎంఎల్ పుటగా ఉంచడం మేలు.

యూనికోడ్ పాఠంలోనూ సూక్ష్మమైన తేడాలుంటాయి. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు టకారపొల్లు తరువాత కొందరు కనిపించని విడదీత సంకేతాన్ని చేరుస్తారు, కొందరు చేర్చరు. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వానికి ఐత్వపు గుర్తును చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. సాధారణ అక్షర పోలికలో ఇవి వేర్వేరు పదాలవుతాయి. పత్రిక సొంత శోధన సదుపాయం ఈ భేదాలను ముందే ఏకరూపం చేసుకోకపోతే ఉన్న వ్యాసాన్నే లేదని చెబుతుంది.

ఇక గూగుల్ స్కాలర్ నియమాలు. ప్రతి వ్యాసం విడి ఫైలుగా, విడి చిరునామాతో ఉండాలి. ఫైలు 5 ఎంబీ మించరాదు. అందులోని పాఠం శోధనకు వీలుగా ఉండాలి. సంచిక మొత్తాన్ని ఒకే పీడీఎఫ్‌గా పెట్టే పత్రికలు మొదటి నియమం దగ్గరే తప్పిపోతున్నాయి. శీర్షిక, రచయిత, ప్రచురణ తేదీ పుట శీర్షభాగంలో యంత్రం చదవగల ట్యాగులుగా ఉండాలి. ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాడితే ఈ ట్యాగులను అదే సమకూరుస్తుంది. పుట గూగుల్ సూచికలోకి చేరిందో లేదో సెర్చ్ కన్సోల్‌లో చూడవచ్చు. 2015 వరకు వెబ్‌మాస్టర్ టూల్స్ అనే పేరుతో ఉన్నది ఇదే. చిరునామాలో తెలుగు పదాలు వాడవచ్చు గానీ, నకలు తీసినప్పుడు ఒక్క ‘శ్రీ’యే 36 గుర్తులుగా విస్తరిస్తుంది. ఉల్లేఖనాలకు సంఖ్యలతో కూడిన పొట్టి చిరునామాయే అనుకూలం.

మిగిలినది పాత సంచికల సంగతి. పాత ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలున్నాయి. అయితే మార్పిడిలో ఒత్తులు, అరుదైన సంయుక్తాక్షరాలు తప్పిపోతుంటాయి. ఛందోబద్ధమైన పద్యాల్లో ఒక్క అక్షరం మారినా గణం చెడుతుంది. ఫలితాన్ని మూలంతో సరిచూడవలసింది మనిషే. అన్ని సంచికలనూ ఒకేసారి సరిదిద్దే వనరులు లేని పత్రికలు ముందుగా వ్యాసశీర్షికలు, రచయితల పేర్లు, సంగ్రహాలు యూనికోడ్‌లో టైపు చేసి వ్యాసానికొక పుట ఏర్పరచి, దానికి పాత పీడీఎఫ్‌ను జతచేస్తే ఆ వ్యాసం ఉన్నదన్న విషయమైనా శోధకుడికి తెలుస్తుంది.