టిగ్రానెస్ సైన్యానికి బొమ్మల కొలువు

ఆర్మేనియా ప్రాచీన సైన్యాన్ని చిన్న బొమ్మలతో కొలువు తీర్చదలచినవారికి, క్రీ.పూ. 95 నుంచి 55 వరకు పాలించిన రెండవ టిగ్రానెస్ కాలమే అన్నిటికన్నా తగినది. క్రీ.పూ. 69లో టిగ్రానోకెర్టా వద్ద రోమన్ సేనాని లుకుల్లస్‌ను ఎదుర్కొన్న 55,000 మంది ఆశ్వికులలో 17,000 మంది కవచధారులని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. సంఖ్య అతిశయమే కావచ్చు గానీ, ‘కాటాఫ్రాక్ట్’ అనే ఈ బరువైన కవచాల అశ్వదళమే సైన్యానికి ప్రాణం. పొరుగు పార్థియన్ల రౌతులదీ ఇదే తీరు కాబట్టి వారి బొమ్మలను నిస్సంకోచంగా వాడవచ్చు. అయితే శత్రువుల తొడలకూ పిక్కలకూ రక్షణ లేదని, అక్కడే కొట్టమని లుకుల్లస్ ఆజ్ఞాపించినట్లు ప్లూటార్కే చెబుతున్నందున, కాళ్లకు సైతం ఇనుము తొడిగిన తర్వాతి శతాబ్దాల బొమ్మలు ఇక్కడ నప్పవు. రాజు బొమ్మకు మాత్రం, ఆయన నాణేలపై కనిపించే, నక్షత్రానికి ఇరువైపులా గద్దలున్న కిరీటం తప్పనిసరి.