అప్పు లేని గూడా? అప్పుల మేడా?

వైరా: ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళి ఖర్చును రెండు పంటలు బాగా పండితే మరిచిపోవచ్చు. ఇంటి అప్పు అలా కాదు. గోడలకు వేసిన సున్నం వెలిసిపోయినా అప్పు మాత్రం కొత్తగానే ఉంటుంది. వైరా ప్రాంత పల్లెల్లో ఇప్పుడు ఏ అరుగు మీద నలుగురు కూర్చున్నా ఈ మాటే నడుస్తున్నది. ఉన్నంతలో చిన్న ఇల్లు కట్టుకొని నిశ్చింతగా ఉండటం మేలా? కాగితాలు తాకట్టు పెట్టి అయినా పెద్ద ఇల్లు వేసుకోవటం మేలా?

ఈ చర్చకు కారణం లేకపోలేదు. 2024 మార్చి 11న భద్రాచలంలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఇందిరమ్మ ఇళ్ళ పథకాన్ని ప్రారంభించారు. సొంత స్థలం ఉన్న పేదలకు ఇల్లు కట్టుకోవటానికి 5 లక్షల రూపాయలు ఇస్తామన్నారు. నియోజకవర్గానికి 3,500 ఇళ్ళ చొప్పున లెక్క కట్టారు. మంజూరు కాగితం చేతికి వచ్చిన రోజునే చాలా ఇళ్ళల్లో వాదన మొదలైంది. "ఎట్లాగూ కడుతున్నాం, ఇంకో నాలుగు లక్షలు తెచ్చి పెద్దదే వేద్దాం" అని పిల్లలు. "వచ్చిన దాంట్లోనే ముగిద్దాం" అని పెద్దలు.

ఒకే వాకిలి, రెండు ఇళ్ళు

వైరా మండలంలోని ఒక గ్రామంలో ఈ వాదన ఇద్దరు అన్నదమ్ముల మధ్య జరిగింది. తండ్రి కట్టిన పెంకుటిల్లు కూలిపోయే స్థితికి వచ్చింది. చెరో మూడెకరాల భూమి. పత్తి, మిర్చి వేస్తారు. ఇద్దరికీ ఇల్లు మంజూరైంది. స్థలాన్ని మధ్యగా పంచుకొని చెరో వైపు ముగ్గు పోసుకున్నారు.

అన్న 450 చదరపు అడుగుల్లో రెండు గదులు, వంటగది, మరుగుదొడ్డి వేశాడు. ఖర్చు సుమారు 7 లక్షలు తేలింది. 5 లక్షలు ప్రభుత్వం నుంచి వచ్చాయి. మిగిలిన రెండు లక్షలు పత్తి అమ్మిన డబ్బు. ఇటుకలు మోయటం, గోడలకు నీళ్ళు కొట్టటం, పునాది మట్టి నింపటం వంటి పనులకు కూలీలను పెట్టలేదు. భార్యాభర్తలూ, కొడుకూ చేసుకున్నారు.

తమ్ముడి ఆలోచన వేరు. ఇద్దరు కొడుకులున్నారు. రేపు పెళ్ళిళ్ళు కావాలి. సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు ముందు ఇంటి వంకే చూస్తారు. అందుకని 1,250 చదరపు అడుగుల ఇల్లు మొదలుపెట్టాడు. హాలు, మూడు పడకగదులు, ముందు వరండా, మెట్లు. మొత్తం 20 లక్షలు అయింది. చేతిలో ఉన్నది 8 లక్షలు. బ్యాంకులో 8 లక్షలు తీసుకున్నాడు. చాలని 4 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఊళ్ళోనే తెచ్చాడు.

గృహప్రవేశం రోజు ఊరంతా తమ్ముడి ఇల్లు చూసి మెచ్చుకున్నది. అన్న ఇంట్లోకి తొంగి చూసి "సరిపోతుందా?" అని అడిగి వెళ్ళారు.

కొలత దాటితే బిల్లు రాదు

ఇక్కడ తమ్ముడికి తగిలిన మొదటి దెబ్బ అప్పు కాదు, కొలత. ఇందిరమ్మ ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. అంటే సుమారు 44 చదరపు గజాల నుంచి 66 చదరపు గజాల లోపు. డబ్బు కూడా ఒక్కసారిగా చేతికి రాదు. బేస్‌మెంట్ పూర్తయి, అధికారులు చూసి ఫొటో తీసుకున్నాక లక్ష రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. తర్వాత గోడలు లేచాక, స్లాబు పడ్డాక, ఇల్లు పూర్తయ్యాక మిగిలినవి వస్తాయి. కొలత దాటిన ఇళ్ళకు బిల్లు ఆగిపోతుంది. జిల్లాలోనే కాదు, రాష్ట్రంలో చాలాచోట్ల లబ్ధిదారులు ఈ సంగతి పట్టించుకోక పునాది పెద్దగా తీసి చిక్కుల్లో పడ్డారు.

తమ్ముడి విషయంలోనూ అదే జరిగింది. ప్రభుత్వం ఇచ్చే 5 లక్షలు ఆయన లెక్కలో ఉన్నాయి. చేతికి రాలేదు. ఆ ఖాళీని పూడ్చటానికే రెండు రూపాయల వడ్డీ అప్పు తేవాల్సి వచ్చింది. ఉచితంగా వచ్చే 5 లక్షలు పోయి, వాటి స్థానంలో నెలనెలా వడ్డీ తినే 4 లక్షలు వచ్చి కూర్చున్నాయి.

కాగితం మీద లెక్క

బ్యాంకు అప్పు 8 లక్షలు. ఏడాదికి నూటికి 9 రూపాయల వడ్డీ, 15 ఏళ్ళ గడువు అనుకుంటే నెల కిస్తీ 8,100 రూపాయల పైచిలుకు. మొత్తం కట్టేది 14 లక్షల 60 వేలు. తెచ్చింది ఎనిమిది, కట్టేది పధ్నాలుగున్నర దాటి. మొదటి నెల కట్టే 8,100లో 6,000 వడ్డీకే పోతాయి. అసలులో తగ్గేది 2,100 మాత్రమే. చాలామందికి తెలియని సంగతి ఇదే. మూడేళ్ళు కిస్తీలు కట్టిన రైతు బ్యాంకుకు వెళ్ళి "ఇంకెంత ఉంది?" అని అడిగి, జవాబు విని నివ్వెరపోవటానికి కారణం ఇదే.

ఊళ్ళో తెచ్చిన 4 లక్షల సంగతి మరీ కష్టం. నూటికి రెండు రూపాయలంటే వినటానికి తక్కువగానే ఉంటుంది. ఏడాదికి లెక్కిస్తే నూటికి 24. నెలకు వడ్డీ 8,000. బ్యాంకు కిస్తీలో కొంతైనా అసలు తగ్గుతుంది. ఇక్కడ 8,000 కట్టినా అసలు 4 లక్షలూ అట్లాగే ఉంటుంది. 50 నెలలు వడ్డీ కడితే 4 లక్షలు కట్టినట్టే. అప్పటికీ బాకీ 4 లక్షలే.

రెండూ కలిపితే నెలకు 16,100 రూపాయలు, ఏడాదికి లక్షా 93 వేలు. మూడెకరాల రైతుకు పెట్టుబడి పోను ఏటా ఇంత మిగలాలి. మిర్చి ధర చూస్తే 2023లో క్వింటాలుకు 20 వేలు దాటింది. 2025 మొదట్లో 14 వేలకు అటూఇటూ పడిపోయింది. పంట ధర పడుతుంది, లేస్తుంది. కిస్తీ మాత్రం పడదు. నెల జీతం వచ్చేవాడికి నెల కిస్తీ సరిపోతుంది. ఏడాదికి ఒకసారి మార్కెట్లో డబ్బు చూసేవాడికి నెల కిస్తీ అంటే ప్రతి నెలా మరో చేబదులే.

బ్యాంకు అప్పు చాలకపోవటానికీ ఒక కారణం ఉన్నది. పల్లెల్లో చాలా ఇళ్ళ స్థలాలు గ్రామకంఠంలో ఉంటాయి. తాతల నాటి నుంచి అనుభవంలో ఉన్నా రిజిస్ట్రేషన్ దస్తావేజు ఉండదు. దస్తావేజు లేకుండా బ్యాంకు తాకట్టు పెట్టుకోదు. ఉన్నా అడిగినంత ఇవ్వదు. మిగిలిన దానికి రైతు ఊళ్ళో వడ్డీకి తిరుగుతాడు.

మాఫీ అయ్యేది పంట రుణమే

"ఎప్పుడో ఒకప్పుడు మాఫీ కాకపోతుందా" అనే మాట కూడా వినిపిస్తున్నది. వైరా వాసులు ఈ మాట అనటంలో ఆశ్చర్యం లేదు. 2024 ఆగస్టు 15న 2 లక్షల వరకు రుణమాఫీ మూడో విడతను ముఖ్యమంత్రి ప్రారంభించింది వైరా సభలోనే. అంతకుముందు జులైలో రెండు విడతలుగా లక్ష వరకు, లక్షన్నర వరకు ఉన్న బాకీలు మాఫీ చేశారు. అయితే అవన్నీ పంట రుణాలు. బ్యాంకులో ఇంటి కోసం తీసుకున్న అప్పు ఆ లెక్కలోకి రాదు. ఊళ్ళో నోటు రాసి తెచ్చిన అప్పు అసలే రాదు.

పైగా ఇంటి అప్పుకు చట్టం వేరు. 90 రోజులు కిస్తీ కట్టకపోతే బ్యాంకు దాన్ని మొండి బాకీ కింద రాస్తుంది. 2002 నాటి చట్టం ప్రకారం 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టుకు వెళ్ళకుండానే తాకట్టు పెట్టిన ఇంటిని స్వాధీనం చేసుకొనే అధికారం బ్యాంకుకు ఉన్నది. వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు. ఇంటికి వర్తిస్తుంది. పంట రుణం లాగానే ఇదీ అనుకొని ఊరుకుంటే ఇల్లే పోతుంది.

ఇంకొక మాట. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మం పట్టణంలో ఏటి పక్క కాలనీలు మునిగాయి. సామాను కొట్టుకుపోయింది. గోడలు నానిపోయాయి. ఏ ఊళ్ళోనైనా వరద ఇంట్లోకి వస్తుంది గాని అప్పులోకి రాదు. ఇల్లు దెబ్బతిన్నా కిస్తీ తప్పదు. అప్పు తీసుకొనేవారు ఇంటికి బీమా ఉన్నదో లేదో బ్యాంకులో అడిగి తెలుసుకోవటం మంచిది.

పెద్ద ఇల్లు కోరటం తప్పా?

ఇంత మాత్రాన పెద్ద ఇల్లు కోరుకోవటం ఆడంబరం అని తీసిపారేయటానికి వీల్లేదు. పల్లెలో ఇల్లు పడుకోవటానికి మాత్రమే కాదు. పత్తి ఏరి తెచ్చాక ధర వచ్చేదాకా నిల్వ చేసేది ఇంట్లోనే. వాన వస్తే మిర్చి బస్తాలు మోసుకొచ్చి పెట్టేదీ ఇంట్లోనే. విత్తనాలు, ఎరువుల కట్టలు, పంపు సామాను అన్నిటికీ చోటు కావాలి. రెండు గదుల ఇంట్లో పత్తి నింపితే మనుషులు వాకిట్లో పడుకోవాలి.

కోడలు వచ్చాక ఒక గది చాలదు. చదువుకొనే పిల్లలకు లైటు, మూల కావాలి. మంచాన పడ్డ ముసలివారికి విడిగా గది ఉంటే వారికీ గౌరవం, చూసేవారికీ సౌకర్యం. అన్న ఇంట్లో ఈ కష్టం లేకపోలేదు. "మా అమ్మాయి పురుడుకు వచ్చినప్పుడు నేనూ మా అబ్బాయీ నెల రోజులు వరండాలోనే పడుకున్నాం. అప్పు లేదన్న మాటే గాని, ఇరుకు ఇరుకే" అని ఆయనే ఒప్పుకున్నాడు.

వైరా వంటి మండల కేంద్రంలో రోడ్డు పక్క స్థలం ఉన్నవారి లెక్క కూడా వేరు. పైన రెండు గదులు వేసి అద్దెకు ఇస్తే కిస్తీలో కొంత భాగం అద్దె తీరుస్తుంది. అటువంటి అప్పు తన తిండి తాను కొంతైనా సంపాదించుకుంటుంది. పల్లె లోపల కట్టిన మూడు పడకగదులకు అద్దెకు వచ్చేవారు ఉండరు. కాబట్టి ఇల్లు ఎంత పెద్దది అన్నదానికంటే, ఆ అప్పును తీర్చేది ఏ రాబడి అన్నదే ముందు చూసుకోవాలి.

విడతలుగా కట్టుకోవటం

ఈ రెంటి మధ్య పాత దారి ఒకటి ఉన్నది. మన పల్లెల్లో పూర్వం ఎవరూ ఇల్లు ఒక్క ఏడాదిలో కట్టలేదు. ముందు ఒక గది, పంట బాగా వచ్చిన ఏడు ఇంకొకటి, పిల్లకు పెళ్ళి కుదిరితే ముందు పంచ. ఇప్పుడు కూడా అది సాధ్యమే. అనుభవం ఉన్న మేస్త్రీలు చెప్పేది ఏమంటే, 600 అడుగుల లోపే కట్టినా పునాది, పిల్లర్లు పై అంతస్తు మోసేలా వేసుకోవాలి. మెట్లకు చోటు వదలాలి. దానికి మొదట కొంత ఇనుము, సిమెంటు ఎక్కువ పడుతుంది గాని, తర్వాత పడగొట్టి కట్టే పని ఉండదు.

డబ్బు లెక్కా చూద్దాం. తమ్ముడు వడ్డీకి కడుతున్న 8,000ను అన్న నెలనెలా దాచుకుంటే ఐదేళ్ళలో అసలే 4 లక్షల 80 వేలు అవుతుంది. వడ్డీ అదనం. దానితో ఎవరికీ నోటు రాయకుండా రెండు గదులు వేసుకోవచ్చు.

బేస్‌మెంట్‌కు చేతిలో డబ్బు లేని ఆడవారికి మహిళా సంఘాల ద్వారా లక్ష రూపాయల వరకు అప్పు ఇప్పించే ఏర్పాటు ఉన్నది. మొదటి బిల్లు రాగానే దాన్ని తీర్చుకోవచ్చు. ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి వెళ్ళే ముందు సంఘంలో అడగటం మేలు.

ఇప్పటికే బ్యాంకు అప్పులో ఉన్నవారు తెలుసుకోవలసింది ఒకటున్నది. వడ్డీ రేటు మారుతూ ఉండే ఇంటి అప్పును గడువుకు ముందే తీర్చితే బ్యాంకు అపరాధ రుసుము వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించింది. పంట అమ్మిన నెలలో పాతికో యాభై వేలో అదనంగా కడితే అది అసలులో తగ్గుతుంది. ఏళ్ళు తగ్గుతాయి.

చివరకు తేలింది

తమ్ముడి ఇంట్లో ఏడాది తిరగకుండానే కిస్తీలు ఆలస్యమయ్యాయి. అరెకరం అమ్ముదామని ఆయన అన్నాడు. భార్య ఒప్పుకోలేదు. "భూమి పోతే మళ్ళీ కొనలేం. నా నగలు అమ్ముదాం. ముందు ఊళ్ళో బాకీ తీరనీ" అన్నది. పుట్టింటివారు పెట్టిన బంగారం, తర్వాత చేయించుకున్నది కలిపి అమ్మారు. 4 లక్షలు తీర్చి నోటు చింపించుకున్నారు. ఇప్పుడు బ్యాంకు కిస్తీ ఒక్కటే ఉన్నది. పెద్ద కొడుకు ఖమ్మంలో పనికి వెళుతూ దాన్ని కడుతున్నాడు. మూడు పడకగదుల్లో ఒకటి ప్రస్తుతం పత్తి నిల్వకు ఉపయోగపడుతున్నది. అందులో సగం అన్న పత్తి.

అన్న ఇంటి స్లాబు మీద పిల్లర్ల ఇనుప చువ్వలు పైకి లేచి కనిపిస్తుంటాయి. చూసినవారు ఇల్లు సగంలో ఆగిందనుకుంటారు. రెండు పంటలు చేతికి వస్తే పైన గది వేస్తానని ఆయన అంటున్నాడు. రాకపోతే మరో ఏడాది ఆగుతానంటున్నాడు. ఆగినందుకు ఆయనకు వడ్డీ పడదు.

వారి తల్లి మాత్రం పగలంతా చిన్న కొడుకు వరండాలో గాలికి కూర్చుంటుంది. రాత్రి పెద్ద కొడుకు ఇంట్లో పడుకుంటుంది. ఎందుకని అడిగితే, "అక్కడ చోటు బాగుంటది, ఇక్కడ నిద్ర బాగా పడతది" అన్నది.

ముగ్గు పోసే ముందే ఆ రెండు మాటలూ తూచి చూసుకుంటే, చోటూ నిద్రా రెండూ ఒకే ఇంట్లో దొరికే వీలుంటుంది.